నీడవెంటఁ బోయిన సరంగు

చైత్రమాసము. గోదావరీతీరమున మామిడితోఁటలు పిందెలు దాల్చి కోకిలకూజితములతో వసంతుని సేవించుచున్న యా దినములలోనే భూగోళపు దక్షిణార్ధమున సముద్రతీరమున విరాజిల్లు సిడ్నీ మహానగరమున శరత్కాలము ప్రవేశించి వీథుల కిరుగడల నున్న మహావృక్షముల పత్రములను బంగారువన్నెకుఁ దిప్పి యొక్కొక్కటిగా నేల రాల్చుచుండెను. మనకు వసంతమైనపుడు వారికి శరత్తెట్లగునని చదువరులు నన్ను నిలదీయఁ బనిలేదు. ఋతువులను దలక్రిందులుగా నడపుకొనుట యా దేశీయుల యాచారము. వారిని మన పంచాంగమునకు లోఁబఱచు నధికారమును నాకెవ్వరు నొసఁగలేదు.

అట్టి యొకానొక ప్రభాతమున శంఖములను గోసి పేర్చినట్లు తెల్లనై మెఱయు సంగీతశాల యొకవంకను ధనురాకారమున నాకాశమున కెగసిన యుక్కువంతెన వేఱొకవంకను గావలి కాయుచుండ నడుమ నాకుపచ్చయుఁ బసుపునుఁ గలిసిన చిన్నియోడలు బాతులగుంపువలె నిటునటుఁ దిరుగుచుండ బహుళాంతస్తుల మేడను నీటఁ ద్రోసికొని తెచ్చినట్లున్న విహారనౌక యొకటి వచ్చి యా నగరపు రేవు నొరసికొని నిలిచెను. అందుండి దిగిన జనసమూహములోఁ బంచె యెగఁగట్టిన పురుషుఁ డొక్కఁడే. ఆతఁడు జీవితమంతయు గోదావరిమీఁద లాంచి నడపి వయసు మీఱి చుక్కాని వదలిన కోటిపల్లి సరంగు తాతబ్బాయి. వెనుక సంచి చంకఁ దగిలించుకొని వచ్చునది యాతని భార్య మంగాయమ్మ. వారి నీ యాత్రకుఁ దోడ్కొని వచ్చినవాఁ డామె తమ్ముఁడు సత్తిరాజు. బావకు గోదావరి తప్ప వేఱు నీరు తెలియదని యెగతాళి చేసి చేసి విసిగి కొబ్బరి వ్యాపారము కలిసివచ్చిన యేఁట సముద్రమే చూపింపఁ బూనినవాఁడు.

లాంచి సరంగులలో దారి యడుగుట నామోషీ. నడియేట నడుగుట కెవ్వరుందురు? ఎండ యే భుజముపైఁ బడుచున్నదో నీడ యేవంకకుఁ జాఁగుచున్నదో చూచి చుక్కాని త్రిప్పుటయే వారి విద్య. తాతబ్బాయి యా నియమమును నేలమీఁదను సడలింపలేదు. మాఘమాసపు పొగమంచులోఁ దన చేయి తనకుఁ గానరానపుడు రేవుకడఁ గాలుచున్న పెసరట్టు వాసననుబట్టి లాంచిని గట్టునకుఁ జేర్చితినని యాతఁడు చెప్పుచుండును. ఆ పెసరట్టును దిన్నవారు నా కింతవఱకుఁ దటస్థపడలేదు గాని యా మంచును జూచినవారు పలువురు గలరు. మేనకోడలి పెండ్లికని బయలుదేఱి దారి యడుగనొల్లక వేఱొక గ్రామమున నెవరిదో పెండ్లిలో భుజించి చదివింపులు చదివించి వధూవరుల నాశీర్వదించి తిరిగివచ్చుట మాత్రము నిక్కము. ఆ పెండ్లిభోజనమును మంగాయమ్మ నేఁటికిని జీర్ణించుకొనలేదు.

నౌకవారు యాత్రికులకై బస్సు నమర్చి నగరవిశేషములఁ దెలుపుట కొక మార్గదర్శిని నియమించిరి. సత్తిరాజు మువ్వురకును జోటు చెప్పియుంచెను. తాతబ్బాయి యొల్లననెను. చీఁకటి పడకమున్నే నౌక కదలుననియు నెక్కనివారికై నిలువదనియు దానిపైన నడిసముద్రమే కావున వెనుకఁబడినవారు పరదేశమునఁ గట్టుబట్టలతోఁ దిరుగవలసినదే యనియు సత్తిరాజు నచ్చఁజెప్పఁజూచెను.

“బావా, ఇది కోటిపల్లి కాదు. ఇక్కడ నువ్వెవరో ఎవడికీ తెలీదు.”

“మనుషులకి తెలీకపోతే ఏవైందిరా సత్తిరాజూ. సూర్యుడికి తెలుసు కదా. ఎన్నేళ్ళ స్నేహం మాది!”

మంగాయమ్మ బస్సువంక నొకమాఱును మగనివంక నొకమాఱునుఁ జూచి నిట్టూర్చి మగనివెంటనే పోయెను. ఒంటరిగా విడిచిన నెవరి పెండ్లిలోఁ దేలునో యని యామె భయము.

ఆ రేవు నగరమున కుత్తరపుటంచున నున్నది. ఎడమభుజముపైఁ బడు బాలభానుని వెచ్చఁదనమునుబట్టి దక్షిణముఖముగాఁ బోవుచున్నామని తాతబ్బాయి నిశ్చయించెను. ఆ నిశ్చయము సత్యమే. తీరముకడ నొక చిన్నియోడ గట్టు చేరుచుండ నందలి యువతి యొక్క విసరుతోనే మోకును గూటమునఁ దగిలించుట చూచి యాతఁడు నిలువఁబడి తన లాంచి కళాసీలలో నింతటి చేయి గలవాఁ డెవ్వఁడును లేఁడని మనస్ఫూర్తిగా నొప్పుకొనెను. చప్పుడు లేక వీథినడుమ జాఱిపోవు ట్రాములను మబ్బులు తమలోఁ జూచుకొను నద్దపుమేడలను గొంగజాతివయ్యును జేపలకై యేటికిఁ బోక వంకరముక్కులతోఁ జెత్తడబ్బాలను గెలకుచున్న తెల్లపక్షులను జూచుచు దంపతు లా రాజవీథి వెంట నడచిరి. వీథి దాఁటుచోటులఁ గల స్తంభములు బల్లివలె టిక్కుటిక్కునఁ బలుకుచుండెను. మంగాయమ్మ యలవాటుచొప్పునఁ గృష్ణకృష్ణ యని చిటికె వేసెను. ఆమె చిటికె వేసినంతనే పచ్చదీపము వెలిఁగి వాహనములన్నియు నిలిచెను. అది మొదలు మంగాయమ్మ చిటికె వేయుటయు నగరము నిలుచుటయు వీథివీథిని జరుగుచు వచ్చెను.

చీనావారి యంగళ్లుగల పేటలో మంగాయమ్మ కనఁబడినవారినెల్ల నాఁపి కడుపు చూపి కోడినిఁ జేఁపను నటించి వలదని చేయి యూఁపి తుదకుఁ గూరగాయల యన్నము సంపాదించెను. ఆమెకు నోరు తెఱచి యడుగుట యెన్నఁడు నవమానము కాలేదు. పిమ్మట నొక యుద్యానమున విశాలవృక్షచ్ఛాయను మేను వాల్చి యించుక కునుకు తీసి లేచి నాలుగు మలుపులు తిరుగునప్పటికి వచ్చిన వీథి యేదో తెలియకుండఁ బోయెను. సంచిలోని సెల్‌ఫోనునకుఁ బరదేశమునఁ బ్రాణము లేదు. తాతబ్బాయికి దానితోఁ బని యేమి? రేవుత్తరమున నున్నది. మధ్యాహ్నపు నీడ యుత్తరమునకుఁ బడును. కావున నీడవెంట నడచిన రేవు చేరుదుమని యాతఁడు భార్యకు విశదపఱచి తన నీడను దాను ద్రొక్కుచు ముందు నడచెను.

ఇచ్చట నొక్క చిన్నసంగతి కలదు. భూమధ్యరేఖకు దిగువనున్న యా దేశమున మధ్యాహ్నసూర్యుఁ డుత్తరమున నిలుచును. నీడ దక్షిణమునకుఁ బడును. ఋతువులనే తలక్రిందులు చేసినవారు సూర్యుని మాత్రము విడుతురా? ఈ సంగతిని గోదావరి తాతబ్బాయి కెన్నఁడుఁ జెప్పియుండలేదు. అందుచేత రేవును వీఁపున నిడుకొని యా సరంగు నౌకకు దూరముగా దూరముగా నడువసాఁగెను.

అద్దపుమేడలు తఱిగి యిఁటుకయిండ్లు వచ్చినవి. ఇఁటుకయిండ్లు కుదించుకొని యినుపజాలరుల వసారాలుగల చిన్నయిండ్లు వచ్చినవి. ఉదయమున లేని మెట్ట యొకటి యెక్కవలసివచ్చెను. ఇది మనము వచ్చిన త్రోవ కాదని మంగాయమ్మ యనఁగా దగ్గఱిదారి యని యాతఁ డనెను. ప్రొద్దునఁ గొట్టిన యుప్పుగాలి యిప్పుడు లేదేమని యామె యడుగఁగాఁ బోటు దిగినదని బదులు చెప్పెను. ఆమె మోఁకాళ్లు వాచుచుండెను. నౌక కదలు వేళ దాపించుచుండెను.

అంతలో నీడ పొడవై ప్రక్కకు వాలసాఁగెను. తాతబ్బాయి లెక్కచొప్పునఁ గుడివంకకు వాలవలసిన యా నీడ యెడమవంకకు వాలెను. ఆతఁడు నిలిచెను. వెనుకకుఁ దిరిగి సూర్యునిఁ జూచెను. మరల నీడను జూచెను.

“మంగా, సూర్యుడు తూర్పున దిగుతున్నాడే.”

“ఆయనకా అలవాటు లేదండి” యని మంగాయమ్మ ప్రక్కనున్న పిట్టగోడమీఁదఁ జదికిలఁబడెను.

వరదలలోను సుడులలోను జేయి వదలని సూర్యునిపై సరంగునకుఁ గల నమ్మక మా క్షణమునఁ దెగిన మోకువలె జాఱిపోయెను. సూర్యుఁ డస్తమించునది పడమరయే యగుచోఁ దా మింతవఱకును రేవునకు వెన్ను చూపి నడచితిమని యాతనికి బోధపడెను. బోధపడియు లాభము లేదు. వచ్చినంత దూరము నడచుట కామె మోఁకాళ్లలో శక్తి లేదు. మిగిలిన పగటిలో నంత సమయమును లేదు. ఏదో బస్సెక్కవలెను. ఏ బస్సో యెవరినైన నడుగవలెను.

“నువ్వడుగు మంగా. నీకలవాటేగా.”

“నేనడగనండి. నేనడిగితే రేపు రేవులో ఏం చెప్తారో నాకు తెలుసు. మా ఆవిడ కాళ్ళనొప్పులని తొందరపడి అడిగేసింది గానీ నేనెలాగూ తీసుకొచ్చేసేవాణ్ణే అంటారు. ఆ పెళ్ళి సంగతీ ఇప్పటికీ ఒప్పుకోలేదు మీరు.”

“ఓడ పోద్దే.”

“పోనివ్వండి. ఇక్కడే ఏదో పని చూసుకుని బతుకుదాం. మీరు అందరికీ దారి చూపిద్దురుగాని.”

ఇట్లని యామె చెప్పులు విడిచి కాళ్లు చాఁపుకొని యాకులు రాలుట చూచుచుఁ గూర్చుండెను. రాత్రి యిచ్చటనే గడపుటకు సిద్ధపడినదానివలె నుండెను. తాతబ్బాయి యామె పాదముల వాపును జూచెను. ఎదుటివైపునఁ దన గుమ్మముకడ నెవ్వఁడో వృద్ధుఁడు రాలినాకుల నూడ్చుచుండెను. నడుమనున్నది రెండు కార్లు పట్టని సందు. అఖండగోదావరిని గన్నులు మూసికొని దాఁటిన వాని కా సందు దాఁటుట దుస్తరమయ్యెను.

దాఁటెను. దాఁటి తనకు వచ్చిన రెండింగ్లీషు మాటలును మఱచెను. చీపురు నానుకొని యా వృద్ధుఁడు తన్నుఁ జూచుచుండ నేమియుఁ దోఁపక పిడికిలి నోటికిఁ జేర్చి తన లాంచి రేవు విడుచునప్పటి కూఁత కూసి చేతితో నలలు చూపి భుజములెత్తి యెటు అన్నట్లు ముఖము పెట్టెను. వృద్ధుఁ డించుక యాలోచించి తన పిడికిలి తన నోటికిఁ జేర్చి యంతకంటెఁ బెద్దదైన నౌకకూఁత కూసెను. ఔనౌనని తాతబ్బాయి తల యూఁపెను. ఎదుటియింటి కుక్క మొఱిగెను.

ఆ వృద్ధుఁడు వ్రేలితోఁ జూపి యూరకుండలేదు. చీపురు గోడకుఁ జేరవైచి మంగాయమ్మకుఁ జేయి యందిచ్చి లేపి రెండు వీథుల యవతల బస్సు నిలుచుచోటికి నడపించి దారిలో మంగాయమ్మ చెప్పిన తెలుఁగునకుఁ దన భాషలో బదులు చెప్పుచు బస్సు రాఁగానే వీరి నెక్కించి వీరినిఁ బెద్దయోడకడ దింపుమని నడుపువానికి రెండుమాఱులు చెప్పి యది మలుపు తిరుగువఱకును జేయి యూఁపుచు నిలిచెను. తాతబ్బాయి భార్య సంచిని దన చేతికిఁ దీసికొని వెనుకయద్దమునుండి యాతనినే చూచుచుఁ గూర్చుండెను.

వీరు రేవు చేరునప్పటికి నౌకకును గట్టునకును నడుమనున్న నడవను దీయుటకుఁ బనివాండ్రు పూనుచుండిరి. దానిపై నొకకాలు గట్టున నొకకాలు నుంచి తనను ద్రొక్కక తీయరాదన్నట్లు నిలిచి సత్తిరాజు తనకు వచ్చిన భాషలన్నిటిలోను వారిని బతిమాలుచుండెను. వీరు కానఁబడఁగానే యాతని ముఖమునఁ బోయిన ప్రాణము వచ్చెను. ప్రాణముతోఁబాటు ఎకసెక్కెమును వచ్చెను.

“ఏం బావా, సూర్యుడు దగ్గరుండి దింపాడా?”

మంగాయమ్మ మగనివంకఁ జూడక నడవ యెక్కుచుండెను. ఆమె చెప్పదని తాతబ్బాయి యెఱుఁగును. పొగమంచును బెసరట్టును గల్పించినవానికి మఱియొక కథ యల్లుట యెంతసేపు?

“లేదురా. దారి తప్పాను. ఒకాయన్ని అడిగి వచ్చాను” అని యాతఁడు తాపీగాఁ జెప్పెను.

అంతసేపును గూడఁబెట్టుకొన్న యెగతాళిమాట లొక్కటియుఁ బనికిరాక సత్తిరాజు బావ చేతిలోని సంచి యందుకొని లోనికి నడచెను.

మఱునాఁటినుండి తాతబ్బాయి నౌకలో భోజనశాలకు దారి యడిగెను. దినదినము భుజించు శాలకే ప్రతిదినమును వేఱువేఱువారి నడిగెను. ఇట్లడిగి యడిగి యా ప్రయాణము ముగియునప్పటికి వంటవారిలో గోవావారెందఱో పడవపనివారిలో నెవరి యింట నాఁడపిల్ల పుట్టెనో సమస్తమును దెలిసికొనెను. ఏటిమీఁద నన్నియేండ్లు దప్పని దారిని నడచినవానికి దారి తప్పిననాఁడు గాని దారిప్రక్క మనుష్యులు కానరాకపోవుట చిత్రమే.

వారు స్వదేశము చేరి కోటిపల్లిలో బస్సు దిగునప్పటికి నడియెండ కాయుచుండెను. చెట్టుక్రిందఁ దాటిముంజెలు చెక్కుచున్న యాడుమనిషికడకుఁ దాతబ్బాయి తిన్నగాఁ బోయి రేవునకు దారి యెటు అని యడిగెను. ఆమె కత్తి యాఁపి తెల్లఁబోయెను.

“అదేటి సరంగుబాబూ, అదుగో గోదారి అవుపడతా ఉంటేని!”

“అవుపడతందిలే. నువ్వెవరి తాలూకా?” అని యాతఁడు గొంతుకూర్చుండెను.

మంగాయమ్మ సంచి దింపి నీడకు జరిగి కూర్చుండి రెండు ముంజెలు చెక్కి యిమ్మని చేయి చాఁపెను.