పక్కింటి ఫ్రిజ్జులో సీసా

శ్రీసత్యా, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా దగ్గరికొచ్చి కూర్చో. ఈ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విను. మీ నీలిమక్క సంబంధం ఎందుకు తప్పిపోయిందో మీ అమ్మ ఒకలా చెప్పి ఉంటుంది, మీ మావయ్య తిరుమలరావు ఇంకోలా చెప్పి ఉంటాడు. ఆ రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.

నీలిమకు పద్నాలుగో ఏటి నుంచి సుగరు. మాత్రలతో పోయేది కాదు, తిండికి ముందు సూది పడాల్సిందే. మందు, టెస్టులు, ఆస్పత్రి, అన్నీ మీ మావయ్య కంపెనీ కార్డు మీదే నడిచాయి. మొన్న వేసవిలో వాడు కూర్మన్నపాలెంలో డ్యూటీ దిగి గోపాలపట్నం ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే అన్నాడు.

"వచ్చే నెల నుంచి కార్డులో నీలిమ పేరుండదంట. పాతికేళ్లు నిండిపోతన్నాయట."

మీ అత్త పుష్ప పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "పాతికేటి? నాగుల చవితెల్లిన మర్నాడు కదా పుట్టింది. ఇంకా ఏడాది పైనే ఉంది."

"బళ్లో నువ్వు ఏ తేదీ ఏయించావో నీకే తెలియాల. ఆడోళ్ల లెక్కలు."

పుష్ప మళ్లీ కూర కలపడంలో పడింది. వాడితో మాటకు మాట అనడం ఆమె మానేసి చాలా ఏళ్లయింది. రాత్రి పిల్లకు ఒళ్లు చల్లబడి చెమటలు పట్టిందేమోనని లేచి నుదురు తడమడం, బెల్లం ముక్క నోట్లో పెట్టడం, తెల్లారకుండానే వాడి క్యారేజీ కట్టడం. పదేళ్లుగా ఆమెది సగం నిద్రే. ఆ తేదీ కూడా ఆమె నెత్తినే పడింది. నాకు చదువు రాదు గానీ విన్న మాట పోదు. బళ్లో వేసిన రోజు పుష్ప బయట చెప్పుల దగ్గర నిలబడి ఉంది. లోపల ఉన్నది వాడూ నేనూ. మాస్టారు అడిగితే వాడే చెప్పాడు, "జూన్ ఒకటి ఏసీండి మాస్టారూ, ఏడాదిన్నర ముందుకి జరపండి. సదువు తొరగా అయిపోతే పెళ్లీ తొరగా సేసీవచ్చు" అని.

కార్డు సంగతి విని మా తమ్ముడి కొడుకు ఎల్లారావు సంబంధం తెచ్చాడు. "కుర్రోడిది పోర్టులో ఉద్యోగం, బావా. పెళ్లయితే పిల్ల ఆడి కార్డులోకెల్లిపోద్ది. సుగరు మాట మూడు ముళ్లూ పడ్డాక నెమ్మదిగా సెప్పుకుందాం."

నీలిమకు అప్పటికే సీతమ్మధారలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చి ఉంది. వాళ్లే కార్డు ఇస్తారు. కాకపోతే చీకటితో బస్సెక్కాలి. "ఆడపిల్లకి ఆ ఏళప్పుడు ఊరు తిరగడమేటి" అని మీ మావయ్య వద్దన్నాడు. నాకు మాత్రం నా సంగతే గుర్తొచ్చింది. కంటి ఆపరేషనుకు వెళ్తే కిటికీలో అమ్మాయి నా పేరు అడగలేదు. "ఎవరి తాలూకా?" అంది. మీ తాతయ్య ఉన్నన్నాళ్లూ ఆయన తాలూకా, పోయాక కొడుకు తాలూకా. ఇప్పుడు పిల్లను ఈ కార్డులోంచి ఆ కార్డులోకి మార్చడానికి పందిరి వేయబోతున్నారు.

పెళ్లివారు వచ్చే రోజు పొద్దున్నే మీ మావయ్య మా ఫ్రిజ్జు తలుపులోంచి మందు సీసాలు తీసి, సూదులతో సహా పక్కింటి అప్పాయమ్మ ఫ్రిజ్జులో పెట్టించాడు. మంచినీళ్లకు ఎవరైనా తలుపు తీస్తే కనపడతాయని.

మధ్యాహ్నం కంచాలు వేశారు. కుర్రాడి తల్లి కనకరత్నం నీలిమ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. సూది పడలేదు. మీ మావయ్య నా చెవిలో, "ఒక్క పూటకేటవదు. ఊరుకోమని సెప్పు" అన్నాడు. పుష్ప అందరికీ అన్నం వడ్డించి నీలిమ కంచం దగ్గర ఆగింది. నీలిమ వాళ్లమ్మ ముఖం చూస్తోంది. ఆ చూపు నేను చూడలేకపోయాను. లేచాను.

"ఎక్కడికే అమ్మా?"

"అప్పాయమ్మ ఇంటికి."

సీసా కొంగు కింద పెట్టుకుని పెరటి దారిన రావచ్చు. వీధి గుమ్మంలోంచే వచ్చాను, సీసా ఒక చేత, సూది ఒక చేత పట్టుకుని. నీలిమ ముందు పెట్టి, "ఏసుకుని తినమ్మా" అన్నాను.

అది సీసా అరచేతుల మధ్య కాసేపు దొర్లించి, మందెక్కించుకుని, చున్నీ తప్పించి పొట్టకు వేసుకుంది. ఎవరూ ముద్ద ఎత్తలేదు.

కనకరత్నం అంది, "మా ఆయనకీ ఉందమ్మా సుగరు. నాకదేటి కొత్త కాదు. మీ ఫ్రిజ్జులోంచి తీసుంటే బాగుండేది."

పెరుగన్నం దాకా తిని మర్యాదగానే వెళ్లారు. మళ్లీ రాలేదు.

మీ మావయ్య గోడకేసి కూర్చుని, "పిల్ల బతుకు తీసీసినావు కదే" అన్నాడు. పుష్ప ఎంగిలి కంచాలు ఎత్తుతోంది.

"జూన్ ఒకటని సెప్పింది నువ్వేరా. నాను నీ పక్కనే ఉన్నాను" అన్నాను. పుష్ప కంచాలు కింద పెట్టేసింది. ఆ పూట వాటిని వాడే తీశాడు.

సోమవారం చీకటితో నీలిమ బస్సెక్కింది. స్టాపు దాకా పుష్ప వెళ్లింది, అడగకుండానే.

అందుకని శ్రీసత్యా, రేపు నువ్వెవరికైనా చెప్పాల్సి వస్తే సంబంధం తప్పిపోయిందని మొదలుపెట్టకు. నీలిమ నాగుల చవితి వెళ్లిన మర్నాడు పుట్టిందని, ఆ తప్పు తేదీ వాళ్లమ్మది కాదని గుర్తుంచుకుని చెప్పు. ఇప్పుడు ఆస్పత్రి కిటికీలో ఎవరి తాలూకా అని అడిగితే అది తన పేరే చెబుతుందని కూడా చెప్పు.