గడ్డకట్టని తేనె

బేకరీ ఆయన తేనె డబ్బాలు వెనక్కి తెచ్చి గుమ్మంలో దించేశాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్ళిస్తే తాగలేదు. చలికి డబ్బాల్లో తేనె తెల్లగా, గట్టిగా పేరుకుపోయి ఉంది. అందులో గుచ్చిన గరిటె నిటారుగా నిలబడింది.

"ఏటా ఉండేదేగా బాబూ? వేడినీళ్ళలో కాసేపు పెడితే కరిగిపోదూ? ఇవాళ కొత్తేముంది?" అంది తేనె అమ్మిన ఇంటావిడ.

"నాకు కొత్త కాదక్కా. కొనేవాళ్ళకేం చెప్పమంటావు? పంచదార కలిపారు, అందుకే గడ్డకట్టిందని దెబ్బలాడుతున్నారు. మీకెవరు చెప్పారయ్యా అంటే నిన్నే చూపిస్తున్నారు."

"నన్నా?"

"నా కొట్టు ఎదురుగా బస్టాపుందిగా, వెళ్ళి చూసుకో. నీ మొహం, నీ నవ్వు. పక్కనే పెద్దపెద్ద అక్షరాలు. ఇప్పుడు నీ మాట నమ్మమంటావా, నీ పోస్టరు నమ్మమంటావా?"

ఊళ్ళో ఆవిణ్ణి కందిరీగ అంటారు. తేనెటీగల్ని పెంచే మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు అడిగితే, "తేనెటీగ ఒక్కసారే కుడుతుంది. ఈవిడతో బేరమాడి చూడండి, తెలుస్తుంది" అని నవ్వుతారు. ఆ కందిరీగ చెప్పులేసుకుని, చెంగు బిగించి, బేకరీ ఆయన కంటే ముందే బస్టాపు చేరింది.

నిజమే. తన మొహమే. బస్సుల వాళ్ళు ఉమ్మినా అందనంత ఎత్తున, నోరారా నవ్వుతోంది. కింద మూలన సర్కారు ముద్ర, వ్యవసాయ ఉత్పత్తుల మార్కెటింగు పథకం అని సన్నక్షరాలు. పైన మాత్రం తన నోట్లోంచి వచ్చినట్టే రాశారు: "ఏ కాలంలోనూ గడ్డకట్టదు. అదే అసలైన తేనె!"

అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కకేం చేస్తుంది? పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఆవిడ గొంతు చించుకుని చెబుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకమైన మాట. ఆవపూల తేనె చలికి పేరుకుని తీరుతుందమ్మా, పేరుకోకపోతేనే నన్ను అనుమానించండి అని సంతల్లో చెప్పింది, గుమ్మాల్లో చెప్పింది, తిట్టిన వాళ్ళకి చెప్పింది, డబ్బా విసిరికొట్టిన వాళ్ళకీ చెప్పింది. ఒక్కో కొనుగోలుదారుకీ ఒక్కో చలికాలం పట్టింది నమ్మడానికి. అలా కూడబెట్టుకున్న నమ్మకం మీదే ఆ తేనెపెట్టెలన్నీ నడుస్తున్నాయి. అది పోతే పెట్టెలు అమ్ముకుని ఇంట్లో కూర్చోవడమే.

ఆ ఫొటో ఎప్పటిదో కూడా గుర్తొచ్చింది. ఆవచేలు విరబూసినప్పుడు ఆ పథకం కింద గ్రాంటు ఇచ్చినవాళ్ళు కెమెరాలతో వచ్చారు. నవ్వమ్మా, నవ్వమ్మా అని ఎంత బతిమాలినా ఈవిడకి నవ్వు రాలేదు. అంతలో ఫొటోలాయన చొక్కా చేతిలోకి ఓ ఈగ దూరింది. ఆయన వేసిన గంతులు చూసి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు దొంగది కాదు. దాని పక్కన అంటించిన మాటే దొంగది.

ఇంటికొచ్చేసరికి భర్త వాకిట్లో తేనెపెట్టెల పాత చట్రాలు కత్తితో గీకుతూ కూర్చున్నాడు. ఆయన నెమ్మదస్తుడు. ఇన్నేళ్ళ కాపురంలో భార్య మాటకి ఎదురు చెప్పిందీ లేదు, నలుగురిలో వత్తాసు పలికిందీ లేదు. అంతా విని, "పోనిద్దూ, పోస్టరేగా. వానొస్తే అదే చిరుగుతుంది" అన్నాడు.

"వానొచ్చేలోపు నా పరువు చిరిగిపోతుంది!" అని ఆవిడ పెరట్లోకి నడిచింది.

పెరట్లో ఉన్న కొత్తగది మరిదిది. గ్రాంటు వచ్చింది అతని పేరునే. ఇంటివాళ్ళనీ చుట్టుపక్కల పెంపకందార్లనీ ఒక సంఘంగా చేసి, తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగి, సాధించుకొచ్చాడు. ఆ డబ్బుతోనే పలకరాళ్ళు పరిచిన గది, సీసాలు నింపే మిషను, మెరిసే లేబుళ్ళు, ఈ పోస్టర్లు. పూలను వెతుక్కుంటూ పెట్టెలేసుకుని పొరుగూళ్ళ చేలమీద పడి తిరిగిన మొగుడూ పెళ్ళాలకి ఆ గదిలో ఏం జరుగుతోందో చూసే తీరిక లేకపోయింది. మొన్ననే తిరిగొచ్చారు.

లోపల పెద్ద గిన్నె మరుగుతోంది. గోడ వారన డ్రమ్ములు. ఒకదాని మూత తీసి వేలు ముంచి నాకింది. పంచదార పాకం! నాలుకకి తీపి తగిలింది గానీ పువ్వు తగల్లేదు.

"ఏంట్రా ఇది?"

మరిది గబుక్కున డ్రమ్ము మూత పెట్టేశాడు. తర్వాత తేరుకున్నాడు. "వదినా, అలా చూడకు. నేనేం విషం కలపట్లేదు. పెద్ద కొట్లవాళ్ళు ఏడాది పొడుగునా ఒకే రంగు కావాలంటారు, కారుతూ ఉండాలంటారు. గడ్డకడితే మొత్తం వెనక్కి పంపేస్తారు. మొదటిసారి పంపినదంతా నీ తేనే. అంతా తిరిగొచ్చింది, తెలుసా?"

"ఇందులో మన తేనె ఎంత?"

"వాసనకి సరిపడా."

"ఆ మాట రాసిందెవరు? గడ్డకట్టదని?"

అతను తల దించుకున్నాడు. "నేనే. చిన్నప్పుడు నీతో సంతకొచ్చి కూర్చునేవాణ్ణి కదా వదినా. ఎవడొచ్చినా ఇదే అడిగేవాడు, గడ్డకడుతుందా అని. జనానికి ఏం వినాలనుందో నీ పక్కన కూర్చునే నేర్చుకున్నాను."

అత్త పోయేనాటికి వీడికి బొడ్డూడలేదని ఊరంతా అనేవారు. అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుంది, ఈగ కుడితే ముల్లు తీసింది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అన్నారా!

"పోస్టర్లు పీకించు" అంది చివరికి.

"అవి నా చేతిలో లేవు వదినా. పథకం వాళ్ళవి. వెళ్ళి అధికారిణి గార్ని అడుగు."

అడగమన్నాక ఆగే మనిషా? మర్నాడే వెళ్ళింది.

అధికారిణి గారు చిన్నవయసు మనిషి, మర్యాదస్తురాలు. లేచి నిలబడి కుర్చీ చూపించింది. గోడ మీద ఇక్కడా అదే పోస్టరు. అంతా ఓపిగ్గా విని, తేనె పూసిన కత్తిలాంటి గొంతుతో అంది:

"గడ్డకడుతుందని నాకు తెలీదనుకున్నారా అమ్మా? మా ఇంట్లోనూ చలికాలం వస్తే చెంచాతో తవ్వుకుంటాం. కానీ జనం కారే తేనెనే నమ్ముతారు. ఈ గ్రాంటు ఇచ్చింది మార్కెటింగుకి. జనం నమ్మేది చెప్పడమే మా పని."

"మరి నిజం చెప్పేదెవరు?"

"అది వేరే శాఖమ్మా."

కందిరీగకి ఒళ్ళు భగ్గుమంది. ఆ సీసాల్లో తేనే లేదు, మా మరిది పాకం పోస్తున్నాడు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే పోయేది ఎవరు? తను పెంచినవాడు. మింగేసింది.

"ఎల్లుండి ప్రదర్శన ఉంది. మీరొచ్చి మా స్టాల్లో కూర్చోండి. మీ మొహమే మాకు పెట్టుబడి" అంది అధికారిణి.

"వస్తాను. తప్పకుండా వస్తాను" అంది కందిరీగ. ఆ రావడంలో ఏముందో అధికారిణికి తెలీదు, పాపం, సంతోషించింది.

ప్రదర్శన పెద్ద హాల్లో. వరసగా స్టాళ్ళు, చెవులు గింగురుమనే మైకులు, సంచులు పట్టుకుని ఊరికే ఇచ్చేవి ఏమున్నాయా అని తిరిగే జనం. వీళ్ళ స్టాలు వెనక గోడంతా అదే పోస్టరు ఫ్లెక్సీ, పైన అదే రాత. అందులో ఆవిడ పళ్ళు ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. ముందు బల్లమీద బంగారు రంగు సీసాలు, పక్కన సూటు వేసుకున్న మరిది. భర్త ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు.

ఆవిడ సంచిలోంచి తన డబ్బా తీసి సీసాల మధ్య ధన్‌మని పెట్టింది. గరిటె గుచ్చింది. అది నిలబడింది.

"అయ్యా, ఆ ఫొటోలో మనిషిని నేనే. ఆ మాట మాత్రం నాది కాదు. ఇదీ అసలు తేనె. చలికి గడ్డకడుతుంది" అంది మొదట వచ్చినాయనతో.

ఆయన పకపకా నవ్వాడు. "ఏమే, ఇలా రా! పోస్టరు మనిషే వచ్చింది, భలే మాట్లాడుతోంది!" అని భార్యని పిలిచాడు. ఇద్దరూ ఆవిడ చెరోపక్కా నిలబడి ఫొటో తీసుకుని, రెండు కారే సీసాలు కొనుక్కుపోయారు.

తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఆవిడ కోప్పడితే నవ్వారు. ఇంకా కోప్పడితే ఇంకా నవ్వారు. "ఈ స్టాల్లో ఒకావిడ ఉంది, తిట్టి మరీ అమ్ముతోంది" అని ఒకరికొకరు చెప్పుకుని గుంపులుగా వచ్చారు. వద్దు, అది కొనొద్దు అని ఆవిడ అరుస్తుంటే అదేదో కొత్తరకం ప్రచారమనుకుని చప్పట్లు కొట్టారు. సీసాలు ఖాళీ అవుతుంటే మరిది కొత్తవి సర్దుతున్నాడు. ఆవిడ కోపం కూడా సరుకైపోయింది.

అధికారిణి పరుగున వచ్చింది. "అద్భుతమమ్మా! ఇంత బాగా మాట్లాడతారని తెలిస్తే మిమ్మల్నే మొదట పెట్టేవాళ్ళం. ఇదుగో, మైకులో చెప్పండి, హాలంతా వింటుంది" అని మైకు చేతిలో పెట్టింది.

మైకు బరువుగా ఉంది. జనంలో వెనక బేకరీ ఆయన నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. మరిది ఈవిడ మొహం చూశాడు, చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి వచ్చినప్పుడు చూసే చూపు. భర్త స్టూలు మీంచి లేచి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఈ సీసాల్లో ఉన్నది తేనె కాదు" అంది కందిరీగ. ఇప్పుడు అరవలేదు. అరవాల్సిన పని మైకు చూసుకుంది. "మరిగించిన పంచదార పాకం. వాసనకి కాస్త మా తేనె. నేను వేలు ముంచి నాకి చూశాను. పోసింది మా మరిది. నా చేతులతో అన్నం పెట్టి పెంచినవాడు. నేను అబద్ధమాడితే నా పెట్టెలన్నీ తగలబెట్టండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకామె సంచిలోంచి సీసా తీసి, అంటుకుంటుందేమోనన్నట్టు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకరు. తర్వాత పదిమంది ఒక్కసారి మీదపడ్డారు, మా డబ్బులు మాకిమ్మని. అధికారిణి మైకు లాక్కుని స్విచ్చు ఆపేసింది.

మరిది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంట్లో కొట్టినా పడేవాణ్ణి వదినా. ఇంతమందిలోనా?"

"ఇంట్లో చెప్పలేదురా? ఆఫీసులో చెప్పలేదా? పొద్దుట్నుంచి ఇక్కడ నిలబడి మొత్తుకోలేదా? నీ పేరెత్తకుండా ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాలా చెప్పాను. ఒక్కడైనా విన్నాడా? నువ్వు విన్నావా? నీ పేరు చెబితే గానీ ఎవడికీ చెవులు తెరుచుకోలేదు. నేనేం చెయ్యను? చెప్పు, నన్నేం చెయ్యమంటావు!"

ఆవిడ గొంతు వణికింది. అది ఏడుపని ఎవరైనా అనుకుంటారేమోనని ఇంకా కోపమొచ్చింది. గిర్రున తిరిగి ఫ్లెక్సీ అంచు పట్టుకుని లాగింది. అది మేకులతో బిగించి ఉంది, రాలేదు. ఎగిరి లాగింది. పైనున్న రాత దాకా అందలేదు.

భర్త దగ్గరికొచ్చాడు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోతాడనుకుంది. పడ్డవాడు సొంత తమ్ముడు మరి. నాలుగు మాటలు అంటాడనే అనుకుంది, అంటే పడదామనీ అనుకుంది. ఆయనేమో స్టూలు లాక్కొచ్చి గోడకి వేసుకుని, దానిమీదికెక్కి, చట్రాలు గీకే కత్తి జేబులోంచి తీసి, ఏ కాలంలోనూ అన్న మాట మొదలుకొని రాత చివరిదాకా పరపరా కోసేశాడు. తమ్ముడు చూస్తూనే ఉన్నాడు. అన్న అటు తిరిగి చూడలేదు.

మాట పోయింది. నవ్వే మొహం ఒక్కటీ గోడ నిండా మిగిలింది. ఆయన దిగబోయాడు.

"అదీ కొయ్యండి" అంది ఆవిడ.

"అదెందుకే? అది నువ్వేగా. అందులో అబద్ధమేముంది?"

"ఆ రాత చదివి ఎంతమంది కొన్నారు? నా మొహం చూసి కొన్నారు. ముందు దాన్ని కొయ్యండి."

ఆయన కాసేపు కింద నిలబడ్డ భార్యనీ, గోడమీద నవ్వుతున్న భార్యనీ మార్చిమార్చి చూశాడు. తర్వాత మళ్ళీ గోడవైపు తిరిగి, కత్తి నుదుటి దగ్గర పెట్టి, కిందికి లాగాడు.