మొదటి అంచనా

మా ఇంట్లో ఇద్దరు ఆర్థికవేత్తలు. మందుల షాపు నడుపుకునే నేను వాళ్ల మధ్య కూర్చుని అన్నం తింటాను. నాన్న ఒకప్పుడు కేంద్ర బ్యాంకులో వడ్డీరేట్లు నిర్ణయించే కమిటీ సభ్యుడు. నా భార్య యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదీ కానిదీ ఆమె రాసిన ఒక్క పరిశోధన పత్రం మీదే ఉంది. లోకంలో ఇన్ని విషయాలుండగా ఆ మహాతల్లి ఎంచుకున్నది మామగారి కమిటీనే.

అప్పట్లో ఓ పెద్ద దేశం వడ్డీ పెంచితే పెట్టుబడులన్నీ అటు పరుగెత్తాయి. ఇక్కడి కమిటీ వడ్డీ పెంచకుండా చేతులు ముడుచుకు కూర్చుంది. కరెన్సీ కుప్పకూలింది. ధరలు మండిపోయాయి. ధరలు అంతకుముందే పెరుగుతున్నా కమిటీ కళ్లు మూసుకుందని ఆమె పత్రం తేల్చింది. పేరున్న పరిశోధన పత్రిక దాన్ని అచ్చుకు తీసుకుంది కూడా.

అది చదివిన రోజు నాన్న భోజనాల దగ్గర కంచం పక్కకు జరిపారు.

"ఈ ధరల లెక్క ఎక్కడిదమ్మా?"

"గణాంక శాఖ వెబ్‌సైట్‌లోది మామయ్యా."

"అది తర్వాత సవరించింది. ఆ రోజు మా బల్ల మీదికొచ్చిన మొదటి అంచనాలో ధరలు నిలకడగానే ఉన్నాయి. రేపటి పేపరు చదివి, నిన్న మేం ఏం చేయాల్సిందో చెబితే ఎలా?"

ఆమె ముఖం పాలిపోయింది. సవరించిన అంకె వస్తే వెబ్‌సైట్‌లో పాతదాన్ని చెరిపేస్తారట. వాళ్ల చదువులో ఇది తెలియనివాళ్లుండరట. తెలిసీ కాలు జారింది.

వారమంతా లైబ్రరీలో పాత బులెటిన్లు తిరగేసి, మొదటి అంచనాలతో లెక్క మళ్లీ కట్టింది. కమిటీ చేసింది సబబేనని వచ్చింది. పత్రం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాసి, నేరుగా నాన్న గదిలోకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"తప్పు మీది కాదు మామయ్యా. ఆ అంకెలు చూస్తే ఎవరైనా అదే చేస్తారు."

నాన్న సంతోషిస్తారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుస్తూ కూర్చున్నారు.

"రాసేశావా?"

"రాసేశాను."

"ఆ అంకెను నేను నమ్మలేదమ్మా. గణాంక శాఖలో ఆ లెక్క కట్టినాయన మీటింగుకు ముందురోజే ఫోన్ చేశాడు, సగం జిల్లాల ధరలు ఇంకా చేరలేదని. వడ్డీ పెంచితే ఫ్యాక్టరీలు మూతపడతాయి, ఆ పాపం నాకెందుకనుకున్నా. అంకె దొరికింది, దాని చాటున దాక్కున్నా."

"మరి మొన్న అలా అన్నారేంటి?"

"ఇన్నేళ్లూ అందరికీ అదే చెప్పాను. అలవాటైపోయింది." కళ్లద్దాలు పెట్టుకుని, "ఈ మాట రాయి, నా పేరు పెట్టే రాయి," అన్నారు.

"ఫోన్‌లో మాటకు రుజువేది మామయ్యా? ఆ ఫోన్ చేసినాయన పోయి కూడా చాలా కాలమైంది కదా."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు భరించరానిదైంది. ఆమె తలుపు దాటి వెళ్లిపోయింది. నాన్న నా వైపు చూశారు, నేనైనా ఒక మాట అంటానని. నాకు ఆయన మీద ఒళ్లు మండిపోతోంది. ఆమె వెనకాలే బయటికి నడిచాను.