మిషన్ సొరుగులో ముక్కు సీసా

హైటెక్ సిటీలో ఎటు పోవాలన్నా ముందు ఎదురు దిక్కుకు పోయి, ఏదో ఫ్లైఓవర్ కింద యూటర్న్ తిరిగి రావాలి. ఎల్లేశం జీపుకు ఆ వానాకాలం అదే గండమైంది. నేరుగా పోతున్నంతసేపు మంచిగానే పోయేది. స్టీరింగు పూర్తిగా తిప్పితే చాలు, వెనక ఇరుసులోంచి ఎనుము మూలిగినట్టు ఒక గుర్రు లేచేది. ఆ వెంటనే బండంతా టకటక వణికేది. వెనకున్న గిన్నెల మూతలు ఒకదానికొకటి తగిలి మోగేవి. పక్కన ఆగిన కార్ల అద్దాలు దిగేవి.

గిన్నెలంటే అన్నం గిన్నెలు. తెల్లాపూర్ పాత ఊళ్లోని ఇంట్లో ఆయన భార్య సత్తెమ్మ చీకటితో లేచి అన్నం, పప్పు, రెండు కూరలు, పచ్చిపులుసు వండుతుంది. ఎల్లేశం అవన్నీ జీపులో పెట్టుకుని రాయదుర్గం వైపు ఆఫీసుల వెనక వీధిలో ఆపుతాడు. పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు వరుస కడతారు. సత్తెమ్మ వెనక తలుపు తీసి, నడుం వంచి వడ్డిస్తుంది. ఆమె పొడుగు మనిషి, గిన్నెలుండే జీపు నేల ఆమెకు బాగా కిందికి. రెండు గంటలు అట్లా వంగి నిలబడితే సాయంత్రానికి నడుం ఆమె మాట వినదు.

అందుకే రెండేళ్లుగా ఆమె అడుగుతూనే ఉంది. మొదట, గిన్నెలు ఎత్తు మీద ఉండేటట్టు జీపు వెనక ఇనుప బల్ల బిగించమంది. బల్ల నిలవాలంటే బండి రేకుకు ఎనిమిది బొక్కలు కొట్టాలి. ఎల్లేశం పడనివ్వలేదు. తెల్లాపూర్‌లో ఇన్ని మేడలు లేవకముందు, మోకాలి లోతు బురదలో ఇసుక, సిమెంటు మోసి ఇల్లు నిలబెట్టిన బండి అది. దాని ఒంటి మీద ఒక్క బొక్క పెట్టనియ్యనన్నాడు. అయితే దాన్ని అమ్మి, బల్లతో సహా వచ్చే చిన్న వ్యాను తెమ్మంది. దానికీ వినలేదు. అప్పటి నుంచి సత్తెమ్మ జీపును ఆయన చిన్న పెండ్లాం అని పిలవడం మొదలుపెట్టింది. చినుకు పడితే దానికి టార్పాలిన్ కప్పే మనిషి తనకు ఒక్కనాడు గొడుగు పట్టలేదని అన్నానికొచ్చిన పిల్లలకు కూడా చెప్పేది. వాళ్లు నవ్వితే ఎల్లేశం పచ్చిపులుసు కలుపుతున్నట్టు తల వంచుకునేవాడు.

మూలుగు మొదలయ్యాక ఆమె మాటకు బలం వచ్చింది. మియాపూర్ డిపో దగ్గర మెకానిక్ షెడ్డు పెట్టుకున్న రవికిరణ్, నెల కిందనే వెనక ఇరుసు హౌసింగ్‌లో కొత్త ఆయిల్ పోశాడు. అది పలచనైందేమోనని దాన్ని దించేసి ఈసారి ఇంకా చిక్కటిది పోశాడు. చిక్కటి ఆయిల్ చప్పుడు మింగేస్తుందని అతనికి పని నేర్పినాయన చెప్పాడట. చప్పుడు తగ్గలేదు సరికదా, అంతకు ముందు యూటర్న్‌లోనే వచ్చేది, ఇప్పుడు గల్లీ మలుపులో కూడా వస్తోంది. ఇక లోపల గేరు పళ్లు అరిగి ఉంటాయని, ఆ పాత బండికి సామాను దొరకదని, అమ్ముకోవడమే నయమని రవికిరణ్ మర్యాదగా చెప్పి పంపాడు.

ఎల్లేశం రెండు రోజులు సగం సగం తిని లేచాడు. మూడో రోజు సత్తెమ్మే ఒక ఒప్పందం పెట్టింది. జీపుకు బదులు తన వ్యాను ఇస్తానన్న ఈశ్వరయ్య ఆదివారం పొద్దున లింగంపల్లి నుంచి దాన్ని తోలుకొస్తాడు. అప్పటికి జీపు మూలుగు మానితే జీపు ఉంటుంది. మానకపోతే వ్యాను మనది, జీపు ఆయనది. ఎల్లేశం తలూపాడు.

శనివారం వంట లేదు. సత్తెమ్మ కుట్టు మిషన్ ముందు కూర్చుని, రాబోయే వ్యాను కిటికీకి ఎర్రగుడ్డతో తెర కుడుతోంది. చక్రం కీచుమంది. నూనె వేద్దామని సొరుగు లాగి, ముక్కు పొడుగ్గా ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా తీసింది. ఆరేళ్లుగా తీస్తున్న సీసానే. కానీ ఆ రోజు దాన్ని పట్టుకున్న చేయి ఆగిపోయింది.

ఆ సీసా రామబ్రహ్మం ఇచ్చింది. రాజమండ్రి నుంచి వచ్చి లింగంపల్లిలో స్థిరపడ్డ మెకానిక్కు ఆయన. రెండేళ్ల కింద కన్నుమూసేదాకా ఈ జీపును ఇంకొకరి చేతికి ఇవ్వనివ్వలేదు. ఒకసారి దవాఖానకు పోయి వస్తూ సత్తెమ్మ కూడా ఆ షెడ్డులో కూర్చుంది. ఎల్లేశం టీ తేవడానికి పోయాడు. రామబ్రహ్మం జీపు వెనక హౌసింగ్‌లో పెద్ద డబ్బాలోంచి ఆయిల్ పోసి, ఆఖరున ఈ చిన్న సీసా పిండాడు. దాని ముక్కు నచ్చి, మిషన్‌కు నూనె పోసుకుంటానని ఆమె అడిగింది.

"సోడాతో బాగా కడిగి వాడండమ్మా," అన్నాడాయన. "మీ ఆయన బండికి ఇదే అసలు మందండి. ఇది పడకపోతే మలుపు మలుపుకీ ఏడుస్తుంది."

అప్పుడు ఆమె సీసా గురించి విన్నది, బండి గురించి వినలేదు. ఇప్పుడు రెండూ వినిపించాయి.

సత్తెమ్మ సీసాను సొరుగులో పెట్టి మూసింది. తెర అంచు ఇంకో జానెడు కుట్టింది. కుట్టు వంకరపోయింది. లేచి వాకిట్లోకి వచ్చి చూస్తే ఎల్లేశం జీపు కింద గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా పడుకుని, ఇరుసుకు అంటిన మట్టిని గుడ్డతో తుడుస్తున్నాడు.

"రేపు పొయ్యేదే గద, కిందికి దూరి తుడుసుడేంది?"

"విప్పి చూసెటోని చేతికి మట్టి అంటద్దని," అన్నాడు కింద నుంచి.

ఆమె లోపలికి పోయి సొరుగు లాగింది.

గంటలో ఇద్దరూ జీపు తీసుకుని రవికిరణ్ షెడ్డులో ఉన్నారు. సీసా మీద చీటీ సగం ఊడిపోయింది. మిగిలిన సగాన్ని రవికిరణ్ వెలుతురుకు పట్టి చదివాడు. జాకీలు తెచ్చి వెనక చక్రాలు రెండూ నేల నుంచి లేపాడు. గేరు తీసి ఒక చక్రం చేత్తో తిప్పాడు. అవతలి చక్రం కూడా అటే తిరిగింది. మామూలు బండిలో అయితే అది ఎదురు తిరగాలట. ఎల్లేశం తుడిచిన చోట కిరోసిన్ గుడ్డతో ఇంకొంచెం రుద్దితే హౌసింగ్ మూత మీద చిన్న రేకు ముక్క బయటపడింది. లిమిటెడ్ స్లిప్ ఆయిలే వాడాలని దాని మీద కొట్టి ఉంది.

"నాదే తప్పు కాకా," అన్నాడు రవికిరణ్. "ఒక చక్రం బురదల వట్టిగ తిరిగినా, రెండోదానికి బలం అందాలెనని దీంట్ల ప్లేట్లు పెట్టిండ్రు. మలుపుల అవి జర జారాలె. నేను పోసిన ఆయిల్‌ల అవి జారుతలేవు. పట్టుకునుడు, ఇడిసిపెట్టుడు, మల్ల పట్టుకునుడు. గా మూలుగు గదే. పళ్లకు ఏం కాలే."

చిక్కటి ఆయిల్ మొత్తం దించాడు. నాలుగు దుకాణాలకు ఫోన్ చేస్తే రాణిగంజ్‌లో ఒకచోట ఆ చిన్న సీసా దొరికింది. ఈసారి అంత చిక్కగా లేని తొంభై నంబరు ఆయిల్ పోసి, పైన కొత్త సీసా పిండాడు. పోసిన వెంటనే మూలుగు పోదని, ఆ మందు ప్లేట్ల సందుల్లోకి దిగాలంటే ఖాళీ జాగాలో లైసెన్సు పరీక్షకు వేయించినట్టు మెల్లగా ఎనిమిదులు వేయాలని చెప్పాడు. పాత సీసా తన దగ్గర ఉంచుకుంటానని అడిగితే సత్తెమ్మ ఇవ్వలేదు. మిషన్‌కు నూనె దేనితో పోయాలంది.

ఆదివారం తెల్లారుతుండగా ఊరవతల, విల్లాల కోసం చదును చేసిన జాగాలో ఎల్లేశం ఎనిమిదులు వేశాడు. సత్తెమ్మ పక్కన కూర్చుంది. మొదటి ఎనిమిదికి జీపు ఎప్పటిలాగే మూలిగింది. నాలుగోదానికి మూలుగు సన్నబడింది. తొమ్మిదోదానికి ఎడమ మలుపులో మాత్రమే ఒక చిన్న గొణుగుడు. ఆ తర్వాత తడిమట్టి మీద టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అయినా ఎల్లేశం ఇంకో ఆరు వేశాడు.

"సాలు, నాకు కండ్లు తిరుగుతున్నయి," అంది సత్తెమ్మ.

ఆయన బండి ఆపి, స్టీరింగు మీదే చేతులుంచి అడిగాడు. "సీసా ఎందుకు తెచ్చినవ్? ఊకుంటే వ్యాను వస్తుండె."

"నువ్వు కింద పండుకుని పొయ్యేదానికి మట్టి తుడుస్తున్నవు. గసొంటోని కాడ దాస్తే నాకు బువ్వ సయించదు."

ఎల్లేశం బండి ఇంటి దిక్కు తిప్పాడు.

ఈశ్వరయ్య వ్యాను వాకిట్లో ఆగేసరికి, ఎల్లేశం జీపు వెనక తలుపులు బార్లా తెరిచి, సత్తెమ్మను అక్కడ నిలబెట్టి ఉన్నాడు. మిషన్ మీది కొలత టేపుతో నేల నుంచి ఆమె మోచేతి దాకా కొలుస్తున్నాడు. వంగొద్దని, గిన్నెలోంచి గరిటె తీసినట్టు చెయ్యి పెట్టమని చెప్తున్నాడు. ఈశ్వరయ్యకు విషయం అర్థమై, వ్యాను ఇంజను ఆపకుండానే మంచినీళ్లు అడిగి తాగి వెనక్కి మళ్లాడు.

సుద్దముక్క తీసుకుని ఎల్లేశం రేకు మీద బల్ల బొక్కలకు ఒక్కొక్కటే గుర్తు పెట్టుకుంటూ వచ్చాడు. ఏడు పెట్టాక చెయ్యి ఆగింది.

"ఏడు సరిపోవా?"

"సరిపోవు," అంది సత్తెమ్మ.

ఎనిమిదోది కూడా పెట్టాడు.