నలభైమూడో పేజీ

రేపల్లె మీది ఆకాశంలో తుపానులను కనిపెట్టే కేంద్రాన్ని నిలిపి, రెండు రోజుల ముందే లంక ఊళ్లను ఖాళీ చేయించిన నవలాకారుడికి, పోయి రెండేళ్లవుతున్నా, ఒక్క అచ్చుపుస్తకమైనా ఎందుకు లేదు?

2006 ఆగస్టులో, తెనాలిలో జరిగిన ఆయన స్మారక సంఘం సమావేశంలో శ్యామలాంబ అడిగిన ప్రశ్న ఇది. జవాబుగా టీ వచ్చింది.

పూర్ణచంద్రరావు రేపల్లెలో సైన్సు మాస్టారు. ఆయన రాసిన నాలుగు వైజ్ఞానిక నవలలూ వారపత్రికలో సీరియళ్లుగా వచ్చి, అక్కడే ఆగిపోయాయి. ‘గాలి కావలి’ డెబ్బైనాలుగులో వచ్చింది. మూడేళ్లకు ఉప్పెన వచ్చింది. నవలలో ఊళ్లు ఖాళీ అయ్యాయి; బయట కాలేదు. బాపట్లలో ఫిజిక్సు లెక్చరరుగా పనిచేసిన శ్యామలాంబ వారంవారం ‘గాలి కావలి’ పేజీలను కోసి, కుట్టించి, దాచింది. సంఘం చేతికి దొరికిన ప్రతి అదొక్కటే. దానికి చివరి కాగితం లేదు.

“ఆ మాత్రం దానికి బెంగెందుకండి? ముగింపు నేను రాసేశాగా,” అన్నాడు అధ్యక్షుడు సాంబశివరావు. “హీరో కేంద్రంలోంచి దిగొచ్చి పెళ్లి చేసుకుంటాడు.”

“అందులో హీరో లేడండి. పెళ్లికూతురూ లేదు. మీరు నవల చదివారా?”

“పైపైన చూశానండి.”

“పైపైన చూసినవారు ముగింపు రాయకూడదు.”

“శుక్రవారం అచ్చుకెళ్లాలమ్మా. ఈలోగా మీరు అసలుది తెస్తే సరే. లేకపోతే నాదే.”

ఆ కాగితాన్ని పోగొట్టింది బైండింగు చేసిన హనీఫేనని శ్యామలాంబ ముప్పైరెండేళ్లుగా నమ్ముతూ వచ్చింది. నేరుగా అతని దుకాణానికే వెళ్లి ఆ మాట చెప్పింది.

“ఇన్నేళ్లూ మనసులో తిట్టుకుని, ఇప్పుడా అడగటం మేడం?” హనీఫ్ నవ్వి, ఆమె తెచ్చిన పుస్తకం చివర గోరు ఆనించాడు. అక్కడ ‘ముగింపు 43వ పేజీలో’ అని ఉంది. “నలభైమూడు వెనకాల నలభైనాలుగుంటుంది గదండి. దాని మీద ఏముందో? మీ ఇంట్లో ఇంకెవరన్నా సీరియళ్లు కోసేవారా?”

కోసేవారు. ఆడపడుచు రాజమ్మ కోసేది. ఇంటికి వచ్చే పత్రిక ఒక్కటే. ఒకే కాగితానికి అటు ఒకరి కథ, ఇటు ఒకరి కథ పడితే తగవు. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు: ఎవరి కథ మొదలవుతోందో కాగితం వారిది, కథ ముగిసినవారికి ముగింపు ఎలాగూ తెలుసు కనుక. ఆ నియమం పెట్టింది శ్యామలాంబే. ఇన్నేళ్లలో నియమాన్నీ మరిచింది, ముగింపునూ మరిచింది.

మరునాడు రైల్లో రేపల్లెలోని రాజమ్మ ఇంటికి వెళ్లింది.

“కాయితం ముక్క కోసం పరిగెత్తుకొచ్చావా వదినా? నాకోసం ఎప్పుడన్నా వచ్చావా?” అంది రాజమ్మ.

“నువ్వు తప్పిపోలేదుగా, వెతకటానికి.”

“మాటకేం తక్కువ లేదు!” అంటూనే రాజమ్మ బీరువాలోంచి క్యాలికో అట్ట పుస్తకం తీసింది. మొదటి కాగితం రెండోవైపున, 44వ పేజీలో, ఆమె కోసి దాచుకున్న ప్రేమకథ మొదలైంది. శ్యామలాంబ కాగితాన్ని వెనక్కి తిప్పింది. చదివేవారు పొరబడకుండా రాజమ్మ నీలిపెన్సిలుతో అడ్డంగా కొట్టేసిన గీతల కింద, 43వ పేజీ చెక్కుచెదరకుండా ఉంది. కేంద్రంలో ఒంటరిగా మిగిలిన కావలివాడు దిగిరాలేదు. కిందికి పంపిన చివరి కబురు రెండే వాక్యాలు: ‘ఊళ్లన్నీ ఖాళీ. ఇక గాలి రావచ్చు.’

“కోసుకుపో వదినా. నా కథ మొదలు నాకు నోటికొచ్చు.”

గురువారం సాయంత్రం సాంబశివరావు ఆ పేజీని రెండుసార్లు చదివాడు. తన ముగింపును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“బాగుందండి,” అన్నాడు. “పెళ్లి లేదు గానీ.”

‘గాలి కావలి’ పూర్ణచంద్రరావు రాసిన ముగింపుతోనే అచ్చయింది. మిగిలిన మూడు నవలలూ పోలేదు. ఏ ఇంట్లోనో, ఏ ప్రేమకథకో వెనకవైపున ఉన్నాయి. మీ అమ్మో అత్తో కుట్టించుకున్న సీరియల్ పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఇవాళే దించండి. కాగితం తిప్పి చదవండి. ఆయన పేరు కనిపిస్తే, ఆ కాగితాన్ని బాపట్లకు, శ్యామలాంబ పేరిట పంపండి.