నలభై కూడా

ఎంటర్ నొక్కే ముందు, కొట్టిన లైనును గొణుక్కుంటూ చదువుకోవడం నాకు అలవాటు. అది నేర్పింది మా తోడికోడలు. నాకంటే పదకొండేళ్లు చిన్నది, నెట్‌వర్క్ ఇంజనీరు. నేనేమో పద్నాలుగేళ్లుగా నిచ్చెనెక్కి ఆఫీసుల పైకప్పుల్లో కేబుళ్లు లాగే మనిషిని. మోకాలు అరిగిపోయింది. రెండు నెలల్లోగా నెట్‌వర్క్ సర్టిఫికెట్ తెస్తే నన్ను కిందకి దించి, కంప్యూటర్లను కలిపే స్విచ్‌ల పని చూసే సీట్లో కూర్చోబెడతానంది కంపెనీ. తేకపోతే నిచ్చెనే గతి. అప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పాను. తెలియక కాదు, టైము చాలక.

తెలిసిందంతా పూర్తిగా కొట్టడమే నా జబ్బు. ప్రతి కమాండునూ కోర్టు కాగితంలా అక్షరం వదలకుండా టైపు చేసేదాన్ని. మధ్యలో ఒక్క తప్పు పడితే కీబోర్డు మీద గుద్దేదాన్ని. ఓ ఆదివారం తోడికోడలు పక్కన కూర్చుని అదంతా చూసి తల పట్టుకుంది.

"అక్కా, మీరు దానికి ఉత్తరం రాస్తున్నారా? మూడక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే రాసుకుంటుంది. పాత లైను మళ్లీ కావాలంటే పై బాణం. గుర్తు రాకపోతే ప్రశ్నార్థకం పెట్టి దాన్నే అడగండి, మొహమాటం దేనికి?"

"నన్ను మరీ చిన్నపిల్లని చేస్తున్నావు," అన్నాను.

"చిన్నపిల్లలైతే ఒకసారి చెబితే వింటారు."

ఒళ్లు మండింది. అయినా ఆరు వారాలు ఆమె చెప్పినట్టే చేశాను. దేన్నైనా మార్చే ముందు ఉన్నదేమిటో తెరమీద చూడాలి. ఎంటర్‌కి ముందు గొణుక్కోవాలి. నా దూకుడుకి ఆమె వేసిన కళ్లాలివి.

పరీక్ష రోజు నాలుగో ప్రశ్నలో ఉండగా ఇన్విజిలేటర్ నా వెనక వచ్చి నిలబడింది.

"మేడమ్, పెదాలు కదపకండి. ఇంకోసారి కదిపితే రిపోర్టు చేయాల్సి వస్తుంది."

"నాలో నేనే చదువుకుంటున్నానండీ."

"రూలండీ, నేనేం చేయను?"

నోరు మూసుకున్నాను. లోపల రుసరుసలాడుతూనే చివరి ప్రశ్న తెరిచాను. రెండు స్విచ్‌ల మధ్య ఒకే కేబుల్. దానిమీద పది, ఇరవై, ముప్పై అని నంబర్లిచ్చిన మూడు విభాగాల రాకపోకలు నడుస్తున్నాయి. నలభైని కూడా చేర్చాలి. ముందు ఉన్నదేమిటో చూశాను. తర్వాత టకటకా కొట్టి ఎంటర్ నొక్కేశాను. సరిచూసుకుంటే కేబుల్ మీద నలభై ఒక్కటే ఉంది.

'యాడ్' అన్న మాట పెట్టడం మరిచిపోయాను. ఆ చిన్న ముక్క ఉంటే 'నలభై కూడా' అని అర్థం, లేకపోతే 'నలభై మాత్రమే' అని. స్విచ్ ఎదురు ప్రశ్న వేయదు, చెప్పింది చేసేస్తుంది. నిజం ఆఫీసైతే మూడు విభాగాలవాళ్లూ ఈపాటికి ఫోన్లు చేసి నన్ను దులిపేసేవాళ్లు. గడియారంలో నాలుగు నిమిషాలే మిగిలాయి.

మునుపటి నేనైతే అన్నీ చెరిపేసి మొదటికొచ్చేదాన్ని. ఈసారి వేలు దానంతటదే పై బాణం మీదికి వెళ్లింది, కొట్టిన లైను తిరిగొచ్చింది. తెర కాస్త పైకి జరిపితే, మార్చకముందు చూసిన జాబితా ఇంకా అక్కడే ఉంది. నలభైకి ముందు ఆ మూడు నంబర్లూ చేర్చాను. పెదాలు బిగించి, ఒక్కో అంకె దగ్గరా ఆగుతూ కళ్లతోనే చదివాను. ఎంటర్ నొక్కాను. నాలుగూ ఉన్నాయి. సేవ్ చేశాక కూడా రెండు నిమిషాలు మిగిలాయి. పరీక్షలో ఊరికే కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

కాసేపటికి తెరమీద 'పాస్' అని పడింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తోడికోడలికి ఫోన్ చేశాను. యాడ్ సంగతి కూడా దాచకుండా చెప్పాను.

"అయ్యో అక్కా, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేనూ అదే చేశాను! గంటసేపు ఆఫీసు మొత్తం ఆగిపోయింది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మీరు నా మాట వినేవారా?"

వినేదాన్ని కాదని ఒప్పుకున్నాను.

"సరేలెండి. సోమవారం నుంచి నేల మీదే మీ పని," అంది.

ఆ మాట ఇంకొకరి నోట వినేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే ఆ పిల్ల ఫోన్ పెట్టేయకుండా, నా ఏడుపు అయ్యేదాకా ఆగింది.