టేపులో టీచరు

తొండియార్‌పేటలోని ఆ తెలుగు బడిలో అలమేలు టీచరు లెక్కల పాఠం చెప్పడం మానేసింది. అంటే, క్లాసులో మానేసింది. పాఠాన్ని క్యాసెట్టులో రికార్డు చేసి ఇళ్లకు పంపుతుంది. పిల్లలు దాన్ని ఇంట్లో వినాలి, అర్థం కానిచోట ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వినాలి. బడికొచ్చి ఆమె పక్కన కూర్చుని లెక్కలు చెయ్యాలి. హెడ్మాస్టరు కోదండరాంగారికి ఇది సుతరామూ నచ్చలేదు.

"అందరూ తేలినారు సరే, ఆ శ్రుతి మునిగిపోయిందే! హాఫియర్లీ పరీక్షలో ఆ బిడ్డ మళ్లీ తప్పిందంటే టేపులు కట్టిపెట్టి బోర్డు ముందర నిలబడండమ్మా" అనేశాడు.

అలమేలుకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, శ్రుతి మీద. టేపు విన్నావా అంటే విన్నానంటుంది, లెక్క ఇస్తే నేలచూపులు చూస్తుంది. అబద్ధాలకోరు పిల్ల అనుకుని, ఆ సాయంత్రమే నిలదీద్దామని వాళ్లింటికి బయల్దేరింది.

శ్రుతి వాళ్లది పప్పుల మండీ వ్యాపారం. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి తన గొంతే వినిపించింది. టేప్‌రికార్డరును పీట మీద పెట్టి, దానికి కుంకుమబొట్టు పెట్టారు. ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని వింటున్నారు. శ్రుతి బటన్ వైపు చెయ్యి చాపింది. నాయనమ్మ వాసవాంబ ఆ చేతి మీద ఒక్కటేసింది.

"టీచరమ్మ మాట్లాడతా ఉంటే నోరు మూయిస్తావా? గురువును మధ్యలో ఆపేది ఏ ఊరి మర్యాదే?"

అలమేలుకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. పాపం, ఆ పిల్ల నిజంగానే విన్నది. ఆపే వీలే లేకుండా విన్నది.

ఆమెను చూసి అందరూ గబుక్కున లేచి నిలబడ్డారు. టేపులో అలమేలు మాత్రం చెప్పుకుంటూనే పోతోంది.

"అవ్వా, దాన్ని ఆపమని నేనే చెప్పినాను. ఆపకపోతేనే నాకు కోపం" అంది అసలు అలమేలు.

వాసవాంబ పీటనూ మనిషినీ మార్చి మార్చి చూసింది. "తప్పు లేదు గదా తల్లీ?" అంటూ టేపుకు దణ్ణం పెట్టి, తానే బటన్ నొక్కింది.

శ్రుతి టీచరు దగ్గరికి జరిగింది. "టీచర్, మైనస్‌ను మైనస్‌తో హెచ్చేస్తే ప్లస్ ఎట్లా వస్తాది?"

అది మొదటి క్యాసెట్టులో మొదటి మాట. పాఠాలన్నీ ముందుకు పోయాయి, పిల్ల అక్కడే నిలిచిపోయింది. టేపుల సంగతి తర్వాత, ముందు ఈ పిల్ల గట్టెక్కాలి అనుకుంటూ, అలమేలు కొంగుతో కళ్లొత్తుకుని శ్రుతి పక్కనే చాప మీద కూర్చుంది.